పుత్తళమునుండి అయిజ వఱకు

కృష్ణా తుంగభద్రల నడుమ నొదిగియున్న సీమకు నడిగడ్డ యని పేరు. ఆ సీమలో, గద్వాలకు దక్షిణముగా, కన్నడదేశపు పొలిమేరకు చేరువను అయిజ పట్టణ మున్నది. తిక్క వీరేశ్వరస్వామి జాతరచేతను, రాజోలిబండ మళ్లింపు కాలువ నీటికై రైతులు పడు ఆరాటముచేతను ఆ యూరి పేరు పత్రికల కెక్కుచుండును. నేడు మేము ప్రస్తావింపబూనిన విషయము జాతరయు గాదు, కాలువయు గాదు. ఆదివారము ప్రొద్దున ఆ ప్రాంతపు క్రైస్తవ గృహములలో వినవచ్చు గొంతులను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఆ గొంతులు హైదరాబాదునుండి వచ్చును. గుంటూరు, విజయవాడలనుండి వచ్చును. టెలివిజను పెట్టెలోనుండియు, చేతిలోని ఫోనులోనుండియు వచ్చును. వాని నుడికారము తఱచుగా కోస్తా జిల్లాలది. ఒక్కొక్కప్పుడు పరదేశపు బోధకుడు ఇంగ్లీషున నొక వాక్యము పలుకును. ప్రక్కన నిలిచిన యనువాదకుడు ఊపిరి తిరుగకుండ దానిని తెలుగున నప్పగించును. అయిజ మాట, అయిజ పాట, అయిజ బోధకుని పలుకు వానిలో వినరావు. వినువారు నడిగడ్డవారు, కానుక పంపువారు నడిగడ్డవారు, పలుకువారు మాత్రము వేఱు. స్వభాష, స్వస్థానము అను మాటలను ఇన్నేండ్లుగా వల్లించిన మనకు ఈ వ్యత్యాసము చిన్నదిగా దోపరాదు.

ఈ ప్రాంతమునకు క్రైస్తవమతము టెలివిజనుతో వచ్చినది గాదు. అమెరికను బాప్టిస్టు మిషనువారు 1885లో మహబూబునగరమున స్థావర మేర్పఱచుకొనిరి. మెన్నొనైటు బ్రదరెను మిషనువారు 1899లో నిజాము రాజ్యమునకు వచ్చి, క్రమముగా నాగరుకర్నూలు, వనపర్తి మొదలగు తావులలో పని నెలకొల్పిరి. 1937లో మహబూబునగరము, గద్వాల క్షేత్రములు బాప్టిస్టుల చేతులనుండి మెన్నొనైటుల చేతులలోనికి వచ్చినవి. ఆ దినములలో సువార్త కాలినడకను, ఎద్దుబండిమీదను ప్రయాణము చేసెడిది. దొరలు వ్రాసిన నివేదికలలో దొరల పేళ్లే పెద్దవిగా గాన్పించును గాని, పల్లెపల్లెకును దానిని మోసినవారు స్థానికులైన బోధకులు, బైబిలు స్త్రీలు. వారు మాల మాదిగ కుటుంబములనుండి వచ్చినవారు. పగలు కూలికి బోయి రాత్రి భజనకు వచ్చువారి మాట యెట్లుండునో యెఱిగినవారు. అందుచేతనే హార్మోనియము, తాళములు, కంజీర పట్టుకొని, తత్త్వముల వరుసలోను, బుఱ్ఱకథల ఫణితిలోను క్రీస్తుకథను పాడిరి. మతము పరదేశమునుండి వచ్చిన దని యెవరైన ననవచ్చును. పాట మాత్రము ఈ మన్నునుండి లేచినదే.

రేడియో వచ్చుటతో ఈ స్థితి మాఱినది. మతబోధకు రేడియోను మొట్టమొదట వాడినది అమెరికాలో: 1921 జనవరి 2వ తేదీన పిట్సుబర్గు నగరమందలి కాల్వరీ దేవాలయపు ఆరాధన ప్రసారమైనది. 1931 ఫిబ్రవరిలో మార్కోని మహాశయుడు నిర్మించిన వాటికను రేడియోలో పోపుగారు ప్రసంగించిరి. ఆ యేటి క్రిస్మసునాడే దక్షిణామెరికాలోని కీటో నగరమున మిషనరీ రేడియో యొకటి వెలసెను. మన దేశమునం దట్టి యవకాశము లేకపోయెను. ఆకాశవాణి ప్రభుత్వపు సొత్తు. హైదరాబాదు సంస్థానమందలి దక్కను రేడియోయు ప్రభుత్వపుదే. 1950లో అదియు ఆకాశవాణిలో లీనమయ్యెను. పండుగనా డొక కీర్తన, ఒక ప్రసంగము. అంతకు మించి యే మతమువారికిని అందు స్వాతంత్ర్యము లేదు.

తలుపు మూసినచో గాలి కిటికీగుండ వచ్చును. ఆ కిటికీ సింహళద్వీపము. రెండవ మహాయుద్ధకాలమున ఆగ్నేయాసియా సైన్యముల కొఱకు కొలంబోలో నిలిపిన బలమైన ప్రసారయంత్రము యుద్ధానంతరము సిలోను ప్రభుత్వమునకు దక్కెను. వారు గడుసువారు, కాలమును గంటలలెక్కన విక్రయించిరి. ఇంతలో 1952లో మన సమాచార ప్రసారశాఖకు మంత్రియైన కేస్కరుగారు శాస్త్రీయ సంగీతముపై మక్కువచేత ఆకాశవాణిలో సినిమాపాటలకు కత్తెర వేసిరి. దేశమంతయు సిలోనువైపు ముల్లు త్రిప్పెను. పండ్లపేస్టువారు కొనినట్లే సువార్త సంఘములవారును అచ్చట సమయము కొనిరి. పాటకై వేచియున్నవాడు ప్రసంగమును వినక తప్పినది గాదు. కేస్కరుగారు సువార్తకు జేసిన యీ యుపకారమును ఏ మిషను చరిత్రయందైన వ్రాసిరో లేదో మేమెఱుగము!

తరువాత కథ సముద్రములు దాటినది. ఫీబా యను సంఘమువారు 1970లో హిందూమహాసముద్రమందలి సీషెల్సు దీవులనుండి ప్రసారములు మొదలుపెట్టిరి. వారి యంటెన్నా స్తంభములు పగడపు దిబ్బలపై నీటిలోనే నిలిచియుండెడివి. మనీలానుండి కాథలికుల రేడియో వెరిటాసు తెలుగున పలికినది. 1978లో ట్రాన్స్ వరల్డ్ రేడియోవారు సింహళపు పడమటి తీరమున పుత్తళము వద్ద 400 కిలోవాట్ల మధ్యతరంగ కేంద్రమును నెలకొల్పి, 882 కిలోహెర్ట్‌జులపై భారతీయభాషలలో, తెలుగునను, ప్రసారము గావించిరి. పుత్తళమునకును అయిజకును నడుమ దూరము ఇంచుమించు 900 కిలోమీటర్లు. పగటివేళ ఆకాశపు పైపొరలలో సూర్యరశ్మిచే నేర్పడు నొక పొర మధ్యతరంగములను మ్రింగివేయును. ప్రొద్దు గ్రుంకగానే ఆ పొర విరిసిపోవును; అపుడు తరంగము దానికి పైనున్న పొరను దాకి వెనుకకు మఱలి, వందల మైళ్ల దవ్వున దిగును. కావుననే సువార్తవాణి కూలిజనము పనినుండి మరలివచ్చు వేళకు సరిగా వారి గుడిసెల ముంగిట దిగెడిది. కంపెనీలవా రెంత యాలోచించినను ఇంతకంటె మంచి వేళను కుదుర్చలేరు.

మా బాల్యమున, మోటారుబండ్లు నిలుచు తావున నున్న తేనీటి కొట్టులో తోలుసంచి తొడిగిన ట్రాన్సిస్టరొకటి వ్రేలాడుచుండెడిది. పాటల కొఱకు ముల్లు త్రిప్పుచుండగా, ఈలలు, గురగురల నడుమ నొక నెమ్మదియైన గొంతు తెలుగున పలుకరించెడిది. అది యరచు గొంతు గాదు. ప్రక్కన గూర్చుండి మాటలాడు మనుష్యుని గొంతు. చివర ఉత్తరము వ్రాయుమని విలాసము చెప్పెడిది. ఆ విలాసమునకు పదునైదు పైసల కార్డు వ్రాసినవారిని మే మెఱుగుదుము. వారిలో కొందఱు క్రైస్తవులు గారు. కొన్ని వారములకు జవాబు వచ్చెడిది, తపాలాలో పాఠములు వచ్చెడివి. ఊరిలో ఎవరును ఉత్తరము వ్రాయని మనుష్యునకు తన పేరుతో నొక కవరు వచ్చుట సామాన్యమైన సంగతి గాదు.

ఆనాడు దేశాభిమానులు అనేకులు ఈ ప్రసారములను శంకించిరి. పరదేశపు ద్రవ్యము, పరదేశపు గడ్డ, మతమార్పిడి యుద్దేశ్యము అని వారి యాక్షేపణ. ద్రవ్యమును గూర్చిన ఆక్షేపణ నిరాధారమని మే మనము. కాని ఒక సంగతి మఱువరాదు. ఆ కార్యక్రమములలో బెక్కింటిని తెలుగువారే తయారు చేసిరి. మన దేశములోనే టేపులపై నెక్కించి దీవులకు పంపిరి. తెలుగువాడు తెలుగువానితో మాటలాడుటకు సముద్రము దాటి పోయి మరల రావలసివచ్చినదనగా, దోషము మాటలాడినవానియందే యున్నదని చెప్పుట న్యాయము గాదు. సొంత యింటిలో మాటలాడుటకు చోటు లేనివాడు పొరుగింటి యరుగెక్కును. సీషెల్సు కేంద్రము 2003లో మూతపడినది. వెరిటాసువారు 2018లో హ్రస్వతరంగ ప్రసారములను మానిరి. ట్రాన్సిస్టరు పెట్టెలతోపాటు ఆ శంకయు పాతబడినది.

ఈ లోపల మన దేశమున న్యాయము వేఱొక దారిని నడచినది. క్రికెట్టు ఆటను చూపు హక్కును గూర్చిన తగవొకటి సర్వోన్నత న్యాయస్థానమున కెక్కగా, 1995 ఫిబ్రవరి 9వ తేదీన తీర్పు వెలువడెను. ఆకాశతరంగములు ప్రజల యుమ్మడి సొత్తు. అవి ప్రభుత్వపు గుత్తసొత్తు గాదు, ధనికుల సొత్తును గాదు అని న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఆ మువ్వురిలో తెలుగువారైన జీవనరెడ్డిగారు నొకరు. ఆ తీర్పులోని మొదటి సగమును దేశము వెంటనే యాచరణమున బెట్టినది: గుత్త పోయినది, ప్రైవేటు ఛానెళ్లు వచ్చినవి. రెండవ సగము, అనగా తరంగములు ధనికుల సొత్తు గారాదను భాగము, నేటికిని కాగితముననే యున్నది.

మత ప్రసారముల విషయమున ఈ లోపము బాగుగా గాన్పించును. ఎఫ్.ఎం. రేడియో యనుమతుల నిబంధనలు మతసంస్థలకు అర్హత లేదనుచున్నవి. టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థవారు 2008లోను, మఱల 2012లోను, మతసంస్థలకు ప్రసారరంగమున ప్రవేశ మొసగరాదని సిఫారసు చేసిరి. కేబులు టెలివిజను నియమములలో ఏడవదాని ప్రకారము మతోద్దేశ్యముగల వ్యాపారప్రకటనలు నిషిద్ధములు. చదివినచో ఇది యెంతటి కట్టుదిట్టమో యనిపించును. కాని పెట్టె తెఱచి చూచిన యెడల, 2007నుండి భక్తి టీవీ గలదు. 2008నుండి తిరుమల తిరుపతి దేవస్థానములవారి శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానెలు గలదు. ఆరాధన, శుభవార్త, రక్షణ, దివ్యవాణి మున్నగు పేళ్లతో క్రైస్తవ ఛానెళ్లు గలవు. కంపెనీ పేర ననుమతి పొందినచో దారి గలదు. ప్రకటన యనక కార్యక్రమ మన్నచో గంటకింతయని చెల్లించి దేవుని మాట చెప్పవచ్చును. వీనిలో నే యొక్కదానిని నిందించుట మా యభిమతము గాదు. పెక్కింటివలన ముసలివారికి, మంచము పట్టినవారికి ఊరట కలుగుచున్నదని మే మెఱుగుదుము. మా యాక్షేపణ యంతయు ఏర్పాటుపైననే. నియమము మతమును ఆపలేదు. బీదమతస్థుని మాత్ర మాపినది. రాజధానిలో వేలమంది సభ్యులుగల సంఘము గంటలు కొనగలదు. అయిజలో నలుబది కుటుంబములుగల సంఘము ఏమి కొనగలదు?

కొనలేని సంఘమే చెల్లించుచున్నదనుట విచారకరము. తెరపై గాన్పించు సంఖ్యకు కానుక పంపువారిలో పత్తిచేనిలో దినకూలి చేయువారు గలరు. తమ యూరి సంఘములో నైనచో ఆదివారపు కానుక యెంత, దీపమున కెంత, చాపల కెంత యని వారు అడుగగలరు. పెద్దలు చెప్పక తప్పదు. నూరు మైళ్ల దవ్వున నున్న ఛానెలు లెక్కను ఎవరడుగుదురు? స్వస్థత పేర జరుగు ప్రచారము మఱియు గడ్డుది. మంత్రములు, తాయెత్తులు మొదలగువానిచే రోగములు కుదురునను ప్రకటనలను 1954 నాటి చట్టము నిషేధించినది. మూఢవిశ్వాసమును ప్రోత్సహించు కార్యక్రమములను కేబులు నియమములు నిషేధించుచున్నవి. ప్రార్థన చేయుటను మే మెవ్వరమును కాదనము. తెరపైని మాట విని మధుమేహపు మందు మానివేసినవారి సంగతి మాత్రము వైద్యుల నడిగిన దెలియును. మతమేదైనను ఈ మాట వర్తించును. రుద్రాక్ష లమ్మువారికిని వర్తించును.

స్థానిక టెలివిజను అనునది నడుమ కొంతకాలము తలయెత్తకపోలేదు. కేబులు తీగెలు పట్టణములకు వచ్చిన క్రొత్తలో, తీగె వేసిన యాసామియే తన గదిలో నొక యంత్రము నుంచుకొని ఊరి ఛానెలు నడుపుట మన మొఫస్సలు పట్టణములందంతట నుండెడిది. పెండ్లిండ్లు, జాతరలు, పాఠశాల వార్షికోత్సవములు, క్రిస్మసు కూటములు ఒకదాని వెంట నొకటి వచ్చెడివి. చిత్రము మసకగా నుండెడిది. ధ్వని గరగర లాడెడిది. అయినను అందఱును తమవారి ముఖములను చూచుకొనిరి. తరువాత డిజిటలు పద్ధతి వచ్చినది. పెద్ద సంస్థల పెట్టెలు వచ్చినవి. చిన్న యాసామి వారికి గుమాస్తా యైనాడు.

2020 మార్చిలో మహమ్మారి కారణముగా దేవాలయములు, మసీదులు, చర్చీలు మూతపడినపుడు కథ మఱల మలుపు తిరిగినది. ఆ యేటి యీస్టరు ఏప్రిలు 12వ తేదీన వచ్చెను. గుడి తలుపులు మూసియున్నవి. పల్లె బోధకులు కుర్చీపై ఫోను నిలబెట్టి, కుటుంబముతో గూర్చుండి, యూట్యూబులో ఆరాధన నడుప నేర్చుకొనిరి. లెన్సు ముందు తడబడిరి. పాట నడుమ మేక యఱచెను. కాని డెబ్బది యేండ్లుగా సముద్రముపైనుండియు, రాజధానినుండియు వచ్చుచుండిన వాణి మొదటిసారి ఊరిలో బుట్టి ఊరిమాటలో వెలువడెను. దానిని విన్న వారెవరు? పాలమూరు సీమనుండి పొట్టకూటికై బొంబాయి, పూనా, బెంగుళూరు, హైదరాబాదులకు తరలిపోయిన వలసకూలీలు గలరు గదా! కట్టుచున్న మేడ నీడలో రేకుల గుడిసెయందు గూర్చుండి, తన తల్లి పాడు కీర్తనను తన యూరి గుడినుండి వినగలిగినవానికి ఆ ప్రసారము విలువ యెంతో మనము లెక్కగట్టలేము. గొప్ప ఛానెళ్లలో గొప్ప గాయకులు పాడుదురు. వానికి కావలసినది ఆ గొంతు గాదు.

అట్లని ఫోనుతో సమస్య తీఱినదనరాదు. ఫోను ఇంటిలో మగవాని జేబులో నుండును. ముసలమ్మకు, పత్యము వండు కోడలికి అది చిక్కుట యరుదు. ఎవరి ఫోనులో నేది కనబడవలెనో నిర్ణయించు సంస్థ పరదేశపుది. మున్నొకప్పుడు సిలోనువారు గంటలు లెక్కించినట్లే వా రిపుడు క్షణములు లెక్కించుచున్నారు.

కావున మా సూచన వేఱు. 2006లో కేంద్రప్రభుత్వము సాముదాయిక రేడియోకు నియమములు చేసి, ప్రభుత్వేతర సంఘములకును అనుమతి నిచ్చినది. శక్తి నూరు వాట్లు. చుట్టుపట్ల పల్లెలకు మించి వినరాదు. కార్యక్రమములలో సగమైనను ఆ చోటివారే తయారు చేయవలెను, వారి భాషలో చేయవలెను. 2008 అక్టోబరు 15వ తేదీన మెదకుసీమలోని మాచనూరున, జహీరాబాదు చెంత, సంగం రేడియో ఈ నియమముల క్రింద మొదలైనది. దానిని నడుపువారు దళిత స్త్రీలు. వారు మాటలాడునది తమ మాటనే. చిరుధాన్యములు, విత్తనములు, పాటలు, పండుగలు వారి విషయములు. మెదకుసీమలో సాధ్యమైనది నడిగడ్డలో నేల సాధ్యము గాదు? కన్నడము, ఉరుదూ కలగలసిన అయిజ మాటకు ఆకాశమున నూరు వాట్ల చోటు లేదా?

అట్టి కేంద్రము ఏ మతసంస్థయు నడుపరాదు, ఊరు నడుపవలెను. విత్తనపు పత్తి ధర యెంతో, రాజోలిబండ నీరెపుడు వదలుదురో చెప్పు ఆ కేంద్రమే జాతరనాళ్లలో వీరేశ్వరుని భజనను, మొహరము నాళ్లలో పీర్ల పాటలను, డిసెంబరున క్రిస్మసు కీర్తనలను వినిపింపవచ్చును. ఒకరి మతమును మఱియొకరు దూషింపరాదను నియమము ఉండనే యున్నది. ప్రక్కవీధివాని యెదుట దూషించుట దూరపు తెరపై దూషించుటంత సులభమును గాదు. వ్యయమును గూర్చి శంకించు పెద్దలు, ఏటికొక జాతరలో బాణసంచాకు వెచ్చించు సొమ్మును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. భూస్వాములును, వర్తకులును, పురపాలకసంఘము వారును పూనుకొనినచో ఇది దుర్లభము గాదు.

పాత కీర్తనలెఱిగిన వృద్ధులు ఆ పల్లెలలో నింకను గొందఱున్నారు. తత్త్వముల వరుసలో వారు పాడు పాటలు ఏ పుస్తకమునను అచ్చు పడినవి గావు. ఏ ఛానెలువారును అడిగినవి గావు. 2006 నాటి నియమముల ప్రకారము అనుమతి కోరు సంఘము నమోదై మూడేండ్లు నిండియుండవలెను. అట్టి సంఘ మయిజలో నున్న యెడల దరఖాస్తు ఈ యేడే పంపవచ్చును. లేని యెడల నేడే నమోదు చేసినను మూడేండ్లు పట్టును, ఆ వృద్ధులకు మూడేండ్లు తక్కువ కాలము గాదు.